టీచరమ్మ పళ్లెం చప్పుడు

ఈమధ్య ఒక మంగళవారం పొద్దున టెక్కలి బస్టాండులో నిలబడి ఉండగా ఫోను మోగింది. "టీచరమ్మ ఎల్లిపోనాదమ్మా" అంది అవతలి గొంతు. ఆ తర్వాత ఏడుపు తప్ప మాట లేదు. ఉద్దానంలో ఏ ఇంట చూసినా వినబడే ఆ కిడ్నీల జబ్బే రెండేళ్లుగా ఆవిడనూ పట్టుకుని ఉంది కాబట్టి, కబురు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు. నన్ను తికమక పెట్టింది కబురు చేసిన మనిషి. ఆమె కూతురి విషయంలో టీచరమ్మా నేనూ కలిసి చేసిన పొరపాటుకి, మా ఇద్దరి మొహాలూ చూడనని ఆమె ఏనాడో ఒట్టు పెట్టుకుని ఉన్నా నేను తప్పు పట్టేదాన్ని కాదు.

టీచరమ్మ అంటే బారువకి అవతల, కొబ్బరితోటలు దాటాక ఇసుకలో ఉన్న ఒక మత్స్యకారుల పల్లెలో అంగన్‌వాడీ నడిపినావిడ. తొంభైలు అయిపోవస్తున్న రోజుల్లో నాకు ఆవిడతో పరిచయం. అప్పటికి డిగ్రీ చేసి ఇంట్లో ఖాళీగా ఉన్న నాకు ఒక పరిశోధనలో పని దొరికింది. సముద్రం ఒడ్డున పెరిగే పిల్లలూ, టెక్కలి లాంటి ఊళ్లో పెరిగే పిల్లలూ ఎప్పుడు నడుస్తారు, ఎప్పుడు మాట్లాడతారు, చెప్పింది ఎంత అర్థం చేసుకుంటారు అని పోల్చి చూడటం. భుజాన సంచీలో ప్రశ్నల కాగితాలు, రంగు చెక్కముక్కలు, బొమ్మల కార్డులు. నెలకోసారి విశాఖపట్నం నుంచి ఆ పరిశోధన నడిపే మేడమ్ వచ్చి నింపిన కాగితాలు పట్టుకెళ్లేది.

టెక్కలిలో పని నల్లేరు మీద బండి నడక. తల్లులు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, అడక్కుండానే పిల్లాడి చేత అంకెలు చెప్పించేవారు. రెండేళ్లవాడికి మూడేళ్ల తెలివి అంటగట్టేవారు. పల్లెలో సరిగ్గా తిరగబడింది. "మీ బాబుకి మాటలొచ్చాయా?" అంటే "ఏటి మాటలు తల్లీ, వట్టి మొద్దు" అనేది తల్లి. అదే బాబు ఆ పక్కనే నిలబడి, వల లాగుతున్న తండ్రిని పేరు పెట్టి కేకలేస్తుండేవాడు. నడుస్తుందా అంటే నడవదనేవారు. ఆ పిల్ల అప్పటికే నా చెప్పుల్లో కాళ్లు దూర్చుకుని ఇసుకలో పరుగెడుతుండేది. వారం రోజుల కాగితాలు చూసుకుంటే, ఆ పల్లెలో ఒక్క పిల్లకీ బుర్ర లేదని తేలింది!

ఆ కాగితాలు చూసి టీచరమ్మ కడుపుబ్బ నవ్వింది. ఉప్మా గరిటె పక్కన పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఓలమ్మీ, ఎవులో ఊరు కాని ఊరిదానివి, కాయితం అట్టుకొచ్చి గుంటడికి ఏటొచ్చు ఏటొచ్చు అని అడిగితే ఏ తల్లి సెప్తాది? దిష్టి తగిలిపోదేటి?" అంది. గుంటలంటే అక్కడి మాటలో పిల్లలు; పిల్లల గొప్ప బయటివాళ్ల ముందు ఒప్పుకుంటే పిల్లకి కీడని వాళ్ల భయం. రాసిపెట్టుకుంటే మరీ కీడు. "తల్లి సెప్పింది రాయకు. గుంట సేసింది రాయి" అని ఆవిడ నాకు నేర్పింది. నాకు తెలిసిన చదువంతటిలో ఇంతకంటే మంచి పాఠం లేదనుకున్నాను. ఆ రోజు నుంచి తల్లులు లేదన్నదల్లా ఉందని అర్థం చేసుకుంటూ, పిల్లల్ని ఆడించి చూసి రాసుకున్నాను. పల్లె పిల్లలు టెక్కలి పిల్లలకి ఎందులోనూ తీసిపోలేదు. టీచరమ్మ లేకపోతే వాళ్లందరినీ మొద్దుల కింద జమకట్టి ఉండేదాన్ని. అందుకు ఆవిడకి ఎన్నిసార్లు దణ్ణం పెట్టినా తక్కువే.

ఆవిడ అలవాట్లు కూడా ఆ పాఠం లాంటివే. పిల్లని తూచే ముందు తన ముక్కుతో పిల్ల ముక్కు ఒకసారి రాసేది. గుడ్డు పెంకు పిల్లలే ఒలుచుకోవాలనేది, అరగంట పట్టినా సరే. నన్ను ఒక్కరోజు కూడా ఏమీ పెట్టకుండా పంపలేదు. నేను మొహమాటపడితే, "పరిశోదనకి ఆకలి ఉండదేటి?" అని ఎగతాళి.

నాకు ఇప్పుడు చావు కబురు చెప్పినామె, కూతుర్ని వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చింది అప్పుడే. పిల్లకి మూడేళ్లు నిండి ఉంటాయి. చెంప మీద పెద్ద దిష్టిచుక్క, చురుకైన కళ్లు. "టీచరమ్మా, దీనికి ఇనబడదు. ఎనకనుండి పిలిత్తే పలకదు" అంది తల్లి. అంతకు ముందు వారమే ఆమె, పిల్లకి మెట్లెక్కడం రాదని, తన చేత్తో తినడం రాదని నాతో చెప్పింది. పిల్ల ఆ రోజు తెప్ప మీదికి ఎగబాకి కూర్చుని, గుడ్డు తనే ఒలుచుకుని తింది. నేను టీచరమ్మ వైపు చూశాను, టీచరమ్మ నా వైపు చూసింది. ఇద్దరం నవ్వాం. "అందరికన్నా తెలివైంది గదా, అందుకే దీనికి ఇంకా పెద్ద వంక ఎతికింది" అని టీచరమ్మ నా చెవిలో అంది.

అయినా పద్ధతి పద్ధతే కాబట్టి పిల్లని కూర్చోబెట్టి పరీక్ష చేశాను. ముక్కు చూపించమంటే చూపించింది. చెక్కముక్క ఇమ్మంటే ఇచ్చింది. మాట పలకకపోతే, కొత్తమనిషినని సిగ్గుపడుతోందనుకున్నాను. నా టెక్కలి మాట పల్లె పిల్లలకి అంతగా ఎక్కదని, నేను ఏది చెప్పినా చేత్తో చూపిస్తూ చెప్పడం అలవాటు చేసుకున్నాను. ముక్కు అన్నప్పుడు నా వేలు నా ముక్కు మీదే ఉంది. ఆ సంగతి నాకు అప్పుడు తోచలేదు. 'చెప్పినది అర్థం చేసుకుంటుంది' అని రాసి కింద గీత కూడా గీశాను. తల్లి పిల్లని చంకనేసుకుని వెళ్లిపోయింది.

రెండేళ్ల తర్వాత రెండో విడత ప్రశ్నలకని మళ్లీ వెళ్లాను. అంగన్‌వాడీ ముందు సందులో ఆ పిల్ల ఇసుకలో గవ్వలు పేర్చుకుంటోంది. వెనక కొబ్బరికాయల లారీ వెనక్కి వస్తూ హారన్ మీద హారన్ కొడుతోంది. ఊరంతా తలలు తిప్పింది. పిల్ల తిప్పలేదు. టీచరమ్మ అంత బరువు మనిషీ ఎలా పరుగెత్తిందో, పిల్లని లాక్కుని ఇసుకలో కూలబడింది. లారీ ఆగిపోయింది. ఆవిడ పిల్ల చెవి దగ్గర పేరు పెట్టి పిలిచింది, ఒకసారి, రెండుసార్లు, గొంతు చించుకుని. పిల్ల ఊపిరి తగిలి తల తిప్పి, ఆవిడ పెదవులు చూసి నవ్వింది.

మర్నాడే తల్లీ పిల్లా టీచరమ్మా నేనూ టెక్కలి, అక్కణ్నుంచి విశాఖపట్నం వెళ్లాం. ఒక చెవికి వినికిడి పూర్తిగా లేదు, రెండోదానికి కొంచెం ఉంది అన్నారు డాక్టరు గారు. మిషను పెడితే పనికొస్తుంది కానీ, ఇంకా చిన్నప్పుడే తెచ్చి ఉంటే మాట బాగా వచ్చేదన్నారు. "ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదా అమ్మా?" అని తల్లిని అడిగారు. "సెప్పినాను బాబూ" అంది ఆమె. మా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మేడమ్‌కి నేను తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. ఒక్క పిల్ల వల్ల రెండు ఊళ్ల పోలికలో తేడా ఏమీ రాదని ఓదార్చింది. అది నిజమే. ఆ నిజాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. ఆ మరుసటి నెల నుంచి పని మానేసి, తర్వాత టెక్కలిలో బడిపంతులమ్మనయ్యాను.

టీచరమ్మ మానలేదు. ఆవిడ చేసిందల్లా, కొత్తగా ఏ పిల్ల అంగన్‌వాడీకి వచ్చినా తల్లి ఒళ్లో అటు తిప్పి కూర్చోబెట్టి, వెనక నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టడం. పిల్ల తల తిప్పేదాకా కొట్టేది. తిప్పగానే గుడ్డు. ఆ చప్పుడు పల్లెలో కోడికూత లాగా అలవాటైపోయింది. సెలవుల్లో వెళ్లినప్పుడు ఒకసారి నేను, "తల్లి చెప్పింది రాయకు అన్నారు మీరు" అన్నాను, కొంచెం నిష్ఠూరంగానే. ఆవిడ పళ్లెం తోముతూ, "అన్నాను. ఇప్పుడు ఇంకో తల్లి వత్తే ఏటనాలో నాకూ తెల్దు అమ్మీ" అంది. ఆవిడ నోట తెలియదన్న మాట వినడం అదే మొదలు. నాకు ఆవిడ మీద కోపం ఉందా, ఉంటే అది నా మీది కోపమేనా? అడగాలనుకున్నవేవీ అడక్కుండానే బస్సెక్కాను.

పదకొండో రోజుకి టీచరమ్మ ఇంటికి వెళ్లాను. పిల్ల తల్లి నన్ను చూసి మంచినీళ్లు తెచ్చింది. ఉండబట్టలేక, "మా మీద నీకు కోపం లేదా?" అని అడిగేశాను. ఆమె చెంబు కింద పెట్టింది. "ఒకపాలి ఉంటాది, ఒకపాలి ఉండదు. ముందు రెండు అబద్దాలు నానే సెప్పినాను గదమ్మా. మూడోది నిజమని మీకెలా తెలుత్తాది? టీచరమ్మ మాత్రం నెలకోసారి దీన్ని ఇసాపట్నం అట్టుకెల్లడం మానలేదు" అంది. నాకు ఓదార్పు దొరికిందో, శిక్ష పడిందో అర్థం కాలేదు. నీళ్లు తాగి గ్లాసు తిరిగి ఇచ్చాను.

ఆ పిల్ల ఇప్పుడు నాకంటే పొడుగు. చెవికి మిషను ఉంది, మాట ముద్దముద్దగా వస్తుంది. పెళ్లయిన అక్క నెలల కొడుకుతో వచ్చి గుమ్మంలో కూర్చుని ఉంది. వంటింట్లో బోర్లించి ఉన్న టీచరమ్మ పళ్లెం, గరిటె పట్టుకుని ఈ పిల్ల తిన్నగా వచ్చి అక్క వెనక నిలబడి కొట్టడం మొదలుపెట్టింది. తను ఎంత గట్టిగా కొడుతోందో తనకి తెలియదు. చావు ఇంట్లో ఆ మోతకి అందరూ ఉలిక్కిపడ్డారు, పురోహితుడు కూడా ఆగిపోయాడు. అక్క భుజం మీంచి ఆ పసివాడు తల తిప్పి చూశాడు.

పిల్ల గరిటె దించి, నా వైపు చూసి, "ఇన్నాడా?" అంది. నేను చేత్తో ఏమీ చూపించకుండా, నోటితోనే, "విన్నాడమ్మా" అన్నాను. నా పెదవులు చూస్తూ నిలబడింది. నమ్మాలో వద్దో తేల్చుకోలేనట్టు, మళ్లీ పళ్లెం ఎత్తింది.