ఎందుకమ్మకు జలుబు చేసిన రోజు

చిన్నప్పుడు ఆమె నోరు తెరిస్తే చాలు, ‘ఎందుకు?’ అనేది. మేనమామ విసిగిపోయి ‘ఎందుకమ్మ’ అని పేరు పెట్టాడు. ఇంట్లో ఆ పేరే నిలిచిపోయింది. పైన రోడ్డు లేదు కదా, మరి విమానం మలుపు ఎలా తిరుగుతుందని ఒకసారి అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు. ఆ జవాబు వెతుక్కుంటూ పోయి చివరికి పైలట్ అయింది.

మాట అన్నంత తేలిగ్గా కాలేదు. శిక్షణ ముగిసి లైసెన్సు చేతికొచ్చేసరికి విమాన సంస్థలు కొత్తవాళ్ళను తీసుకోవడం మానేశాయి. ఆ మరుసటి ఏడూ అంతే. ఖాళీగా ఉండలేక, విమానాశ్రయంలో ప్రయాణికుల సామాన్లు తూచే కౌంటర్లో చేరింది. నేర్చుకున్నది చెయ్యి జారిపోకుండా ఇంట్లో గోడకు కాక్‌పిట్ బొమ్మ అంటించుకుంది. దాని ముందు కుర్చీ వేసుకుని, ఏ మీట తరువాత ఏ మీటో వేలితో తాకుతూ పైకి చెప్పుకునేది. పక్కన కుట్టుమిషను తొక్కుతూ అమ్మ అడిగేది:

“ఎక్కడిదాకా వచ్చాం?”

“ఇంకా నేలమీదే ఉన్నామమ్మా.”

“ఇంతసేపా! అందులో ఎక్కినవాళ్ళు ఊరుకుంటారా?”

ఎట్టకేలకు ఉద్యోగం వచ్చింది. కెప్టెన్ పక్కన, కుడివైపు సీటు. అప్పటికీ పరీక్షలు తప్పలేదు. సిమ్యులేటర్ అనే బొమ్మ విమానంలో కూర్చోబెట్టి ఇంజను ఆపేసి, ఇప్పుడేం చేస్తావని అడిగే పరీక్ష ఒకటి. కళ్ళూ చెవులూ గుండే చూసే డాక్టరు పరీక్ష ఇంకొకటి. ఒక్క చెవి మొరాయించినా ఉద్యోగం ఊగిసలాడుతుంది.

అమ్మ, మామయ్య మొదటిసారి విమానం ఎక్కడానికి ఆమె డ్యూటీ చూసుకుని మరీ టికెట్లు కొన్నారు. తీరా ఆ రోజు పొద్దున ఎందుకమ్మ ముక్కు దిబ్బడతో లేచింది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చూసింది. ఎడమ చెవి తెరుచుకోలేదు. ఆఫీసుకు ఫోన్ చేసి ఈ రోజు ఎగరలేనని చెప్పేసింది.

మామయ్యకు ఒళ్ళు మండింది. ఆయనకు ఇనప సామాన్ల కొట్టుంది.

“జలుబుకి సెలవా? నేను జ్వరంతో లారీ లోడు దింపించాను. నువ్వేమన్నా విమానాన్ని నెత్తిన పెట్టుకుని మొయ్యాలా?”

“విమానం దిగేటప్పుడు చెవిలో పొడిచినట్టు నొప్పొస్తుంది మామయ్యా. తల తిరగొచ్చు. అసలు పనంతా అప్పుడే ఉంటుంది.”

“కెప్టెన్ ఉన్నాడుగా?”

“ఒక్కరు చాలకనే కదా ఇద్దర్ని కూర్చోబెట్టేది!”

ఇస్త్రీ చేసిన బట్టలు పెట్టెలో సర్ది, అమ్మ మూత వేసింది.

“పదరా తమ్ముడూ. ఇది రాకపోతే ఏం, ఇది పనిచేసే చోటన్నా చూసొద్దాం.”

వాళ్ళు వెళ్ళాక ఎందుకమ్మ దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టుకుంది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంటే మైకులో ఏం చెప్పాలో వారం రోజులుగా అనుకుంటూనే ఉంది. ఆ మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. కాసేపు ఏడ్చింది కూడా. దాంతో ముక్కు ఇంకా మూసుకుపోయింది.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. దిగేటప్పుడు తన చెవులు గడియ పెట్టినట్టయ్యాయట. ముందు సీట్లో పసిపాప గుక్కపట్టి ఏడ్చిందట.

“బాగున్నదాన్ని, నాకే ఇలా ఉందే! జలుబుతో నువ్వు ఎలా కూర్చునేదానివే? మంచి పని చేశావు. మీ మామయ్య చూడు, రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కళ్ళు తెరవలేదు.”

మామయ్య ఫోన్ లాక్కున్నాడు. గొంతు బాగా తగ్గింది.

“ఎందుకమ్మా, ఇంకా వినపడి చావట్లేదే. ఏం చెయ్యాలి?”

“గుటకలు మింగుతూ ఉండండి మామయ్యా. ఆవులించండి.”

దిగాక అమ్మ తన కూతురెవరో చెప్పి, అనుమతి అడిగి కాక్‌పిట్ గుమ్మం దాకా వెళ్ళిందట. అక్కడి మీటల గురించి ఆవిడ అడుగుతూనే ఉంటే, కెప్టెన్ నవ్వి, “మా కో-పైలట్‌కి ఎవరి పోలిక వచ్చిందో ఇప్పుడు తెలిసింది,” అన్నాడట.

డాక్టరు చెవులు చూసి సరేననగానే ఎందుకమ్మ మళ్ళీ డ్యూటీలో చేరింది. అమ్మను తన విమానంలో తీసుకెళ్ళడం మాత్రం ఇంకా కుదరలేదు. ఈమెకు ఏ వారం ఏ ఊరో తెలియదు, అమ్మకు కుట్టుపని తెమలదు. కానీ కూతురు ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే మిషను ఆగుతుంది.

“ఇదిగో, మబ్బులో ఏమీ కనపడదు కదా. మరి ముందు ఇంకో విమానం ఉందని ఎలా తెలుస్తుంది?”