మొదటి లైనులో పేరు

చిన్నదానికి పెరుగన్నం మూడో ముద్ద కలుపుతుండగా పెనుకొండ నుంచి ఫోన్ వచ్చింది. పెళ్లికూతురి తల్లి.

“ఏమ్మా, మా పాప ముహూర్తం చీర మగ్గమెక్కిందా? పెండ్లి ఇంగ తొమ్మిది దినాలే ఉండాది.”

“ఎక్కే ఉంటుందమ్మా, చూసి చెప్తా,” అన్నాను. చూశాను. ఆ చీర జాబితాలోనే లేదు. ముద్ద నా చేతిలో ఉండిపోయింది. చిన్నది నోరు తెరుచుకుని కూర్చుంది.

ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారికి ఇంటి నుంచే పని చేస్తాను. హిందూపురంలోని ఆయన షాపు ఆర్డర్లన్నీ ఈమెయిల్లో పంపుతుంది. ఒక్కొక్కటీ చదివి డేటాబేస్‌లో ఎక్కించడం నా పని. ఇద్దరు పిల్లలతో కుదరక, మెయిల్ రాగానే దానంతటదే రికార్డు తయారై నేతగాడికి చీటీ వెళ్లేలా ఒక ప్రోగ్రామ్ రాశాను. మెయిల్లో మొదటి లైనును అది కస్టమర్ పేరుగా తీసుకుంటుంది. షాపువాళ్లు భయం కొద్దీ ప్రతి మెయిలూ రెండుసార్లు పంపుతారు కాబట్టి, అదే పేరుతో అదే చీర మళ్లీ వస్తే వదిలెయ్యమన్నాను. నాలుగు నెలలు బాగా నడిచింది. దిగులు పడడానికి ఏమీ లేకుండా పోయింది. నాకు అదీ దిగులే.

నేను మరిచిపోయింది పెళ్లిళ్ల సీజన్. ముహూర్తం చీరకు రాసేటప్పుడు షాపువాళ్లు, లగ్నపత్రికలో లాగా, పైన ‘శుభమస్తు’ అని పెట్టి కింద పెళ్లికూతురి పేరు రాస్తారట. హిందూపురం అమ్మాయికీ పెనుకొండ అమ్మాయికీ పసుపు చీర, ఎర్రంచు. ప్రోగ్రామ్‌కు ఇద్దరూ ఒక్కరే. రెండోది వదిలేసింది. చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

అలాంటి చీరకు పది రోజులకు తక్కువ పట్టదు. హిందూపురం అమ్మాయి చీర నేస్తున్న నేతన్న ఇంటికి పరుగెత్తాను. ఇంకొక్క మూర మిగిలి ఉంది. ఆ పెళ్లి వచ్చే నెల.

“ఇది పెనుకొండకిచ్చేద్దామన్నా. పడుగు మూడు చీరలకుంది కదా, వాళ్లకు ఇంకోటి నేద్దువు.”

ఆయన నేత ఆపాడు. “పడుగుండాది. కానీ పెండ్లికూతురి పేరు చెప్పి మగ్గానికి కుంకుమ పెట్టినాకనే మొదలుపెడతాం. ఒకరి పేరున మొదలుపెట్టింది ఇంకొకరికి ఎట్లిస్తామ్మా?”

లేచి గడప దాకా వచ్చాను. చెప్పులేసుకుంటూ అడిగాను, “ఏ పేరు చెప్పినావన్నా?”

“చీటీలో ఉండేదే. శుభమస్తు.”

కండెలకు దారం చుడుతున్న ఆయన భార్య తలెత్తలేదు. “ఈ కాలపోళ్లు ఏం పేర్లయినా పెడతాండారు. నేనప్పుడే అంటి.”

అది పేరు కాదని, జరిగిందంతా చెప్పాను. అట్లయితే ఆ చీర ఎవరి పేరునా మొదలు కాలేదని ఆయనే తేల్చాడు. మళ్లీ కుంకుమ తెప్పించి, పెనుకొండ అమ్మాయి పేరు నాతో రెండుసార్లు పలికించి, మిగిలిన మూరకు కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే ప్రోగ్రామ్ సరిచేశాను. శుభమస్తు ఇంకెక్కడైనా ఉందేమోనని రికార్డులన్నీ వెతికాను. లేదు. మళ్లీ వెతికాను.

మర్నాడు పొద్దున పెద్దవాడికి పరీక్ష. చిన్నదానికింకా రాయడం రాదు. అయినా ఇద్దరినీ నిలబెట్టి చెప్పాను: “కాగితం మీద ముందు మీ పేరు రాయండి. శ్రీకారం రెండో లైనులో. దేవుడేమీ అనుకోడు.”