పాత రంపం, కొత్త గ్లాసులు

ముందే చెబుతున్నాను: ఈ కథలో ఒక యంత్రం పాడవుతుంది, ఒక చెట్టు కూలుతుంది, ఒక మనిషి పరువు నలుగురి ముందు కారప్పొడిలో పొర్లుతుంది. ఆ మనిషిని నేనే కాబట్టి మీరు నిశ్చింతగా నవ్వవచ్చు. నేనూ ఈ మధ్యే నవ్వడం నేర్చుకున్నాను.

అప్పటికి నాకు ముప్పై అయిదు దాటాయి. కంబదూరు దగ్గర మా ఊరికి కాస్త ఎడంగా, చేన్లోనే రేకుల ఇల్లు. అమ్మా నాయనా లేరు. అక్క బళ్లారి కోడలు. పెళ్లి సంగతంటారా, మా వైపు పిల్లనిచ్చేవాళ్లు ముందు బోరు చూస్తారు, ఆ తర్వాత వరుణ్ణి చూస్తారు. మా బోరు ఎండిపోయాక రెండోది చూసే అవసరం ఎవరికీ పడలేదు.

బోరుతోపాటే చీనీ తోట, అదే బత్తాయి తోట కూడా ఎండింది. పొద్దున తలుపు తీస్తే ఆ చెట్లు, పలకరిద్దామని వచ్చి మాట మరిచిపోయిన చుట్టాల్లాగా వరసగా నిలబడి ఉండేవి. వాటికీ నాకూ పెద్ద తేడా లేదు. ఒకసారి ఫోను మోగితే ఆత్రంగా ఎత్తాను. పాట పెట్టుకోవాలంటే ఒకటి నొక్కమని ఒక ఆడగొంతు చెబుతోంది. రికార్డు చేసిన గొంతే. నేను మాత్రం "పాటలొద్దులేమ్మా, నువ్వు బాగుండావా?" అన్నాను. అదీ అప్పటి నా పరిస్థితి.

ఎండిన చెట్లను ఒక్క పూటలో కొట్టుకుపోతానని కట్టెల వ్యాపారి వచ్చాడు. నాయన బిందెలతో నీళ్లు మోసి పెంచిన చెట్లు. పరాయివాడి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. "నేనే కోసుకుంటా పోప్పా" అని పంపేశాను. ఆ పౌరుషంతోనే బత్తలపల్లెలో ఎవరో పాత పెట్రోలు రంపం అమ్ముతున్నారని తెలిసి బస్సెక్కాను.

అమ్మేవాడు రంపాన్ని గుడ్డలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు.

"వాడింది తక్కువన్నా. పెండ్లికూతురు మాదిరి చూసుకున్యా."

ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. "ఇంత కాగిపోయుండాదేమప్పా?"

"ఎండన్నా! మన జిల్లాలో ఎండకు కాగనిది ఏముండాది చెప్పు?"

నిజమే కదా అనుకున్నాను. ఒక్క లాగుడుకే అంటుకోవాలని, నేను వచ్చేముందు అరగంటసేపు దాన్ని ఆడించి వేడెక్కించి పెట్టాడని నాకు తట్టలేదు. తాడు ఒక్క లాగుడు లాగాడు. రంపం బుర్రుమంది. నా గుండె కూడా బుర్రుమంది. దుడ్లు చేతిలో పెట్టేశాను.

బయలుదేరుతుంటే వెనక నుంచి కేకేశాడు. "అన్నా, పెట్రోల్లో నూనె కలపాల! మర్సిపోవద్దు!"

ఏం నూనె అని అడగాలి కదా. అడిగితే రంపం గురించి నాకు ఓనమాలు కూడా రావని తెలిసిపోతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగనివాడికి రంపం పొగ పెడుతుంది.

ఇంటికొచ్చి ఆలోచించాను. నూనె అంటే నూనే. మాది శెనక్కాయలు పండే సీమ. మన దగ్గర లేని నూనెనా? గానుగలో ఆడించిన మంచి శెనగనూనె పెట్రోల్లో ధారగా పోశాను. కల్తీ లేని సరుకు కాబట్టి మిషను ఇంకా కులాసాగా తిరుగుతుందని ధీమా.

భుజం ఊడేదాకా లాగితే చివరికి అంటుకుంది. వెంటనే తెల్లటి పొగ మేఘంలా లేచింది. ఆ ఏడాది మా చేన్లో కమ్మిన మొదటి మేఘం అదే. దాంతోపాటు ఘుమఘుమలాడే వాసన. నాలుగు దగ్గులు దగ్గి రంపం ఆగిపోయింది.

పొగ తేటపడేసరికి గట్టు మీద ఇద్దరు మనుషులున్నారు. ఒకరు పక్క చేని రైతు ఓబులేసన్న. రెండోవాడు ఆయన దగ్గర కూలికి వచ్చిన యేసోబన్న.

"ఏమప్పా శేఖరా, బజ్జీలేస్తాండావా? వాసన మా కల్లం దాకా కొట్టింది!" అన్నాడు ఓబులేసన్న.

"బజ్జీలు కాదన్నా. రంపం."

"రంపాన్ని నూనెలో ఏయిస్తాండావా?"

యేసోబన్న డబ్బా మూత తీసి వాసన చూసి, నా వైపు జాలిగా చూశాడు. "అప్పా, ఇది శెనక్కాయ నూనె! ఉప్పు గూడా ఏసినావా?"

వాళ్లు గట్టు మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. నాకు కోపం రావాలి. రాలేదు. మా ఇంటి ముందు మనుషులు నవ్వి ఎంతకాలమైందో గుర్తు చేసుకుంటూ నిలబడ్డాను.

ఊళ్లో స్కూటర్లు బాగుచేసే మస్తాన్‌ను ఓబులేసన్నే పిలిపించాడు. మస్తాన్ మా ఇంటి ముందరి చావడి కింద గోనెపట్ట పరిచి రంపాన్ని విప్పాడు. లోపలంతా బెల్లం పాకం పట్టినట్టుంది.

"దీనికి వేరే ఆయిలుంటాదన్నా. తిరగమాత నూనె కాదు" అంటూ పాత ప్లగ్గు పీకి వాకిట్లోకి విసిరేశాడు. కొత్త ప్లగ్గు, ఇంకేవో సామాన్లు కళ్యాణదుర్గం నుంచి రావాలన్నాడు.

అందరికీ టీ పెట్టాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే గ్లాసు. ఒకరి తర్వాత ఒకరు తాగారు. నేను చెంబుతో తాగాను. మర్నాడు అంగడికి పోయి అరడజను గ్లాసులు కొన్నాను.

"ఏమప్పా, ఇంటికి సుట్టాలొచ్చినారా?" అని అడిగింది అంగడామె.

"ఊ" అన్నాను. అబద్ధమని అనిపించలేదు.

సామాన్లు రావడానికి చాలా రోజులు పట్టింది. అవి నా జీవితంలో బంగారు రోజులు. పొద్దు వాలగానే విప్పిపెట్టిన రంపం చుట్టూ జనం చేరేవాళ్లు. రంపాన్ని ముట్టుకోనివాడు కూడా దానికి వైద్యం చెప్పేవాడు. యేసోబన్నను అన్నానికి పిలవడానికి వచ్చిన ఆయన భార్య మరియమ్మక్క, "సచ్చిన మిషను సుట్టూ కూచోని ఏం జాగారం చేస్తాండారు?" అని కసిరేది. కసిరి, తానూ ఒక గ్లాసు పట్టుకుని కూర్చునేది.

కొత్త ప్లగ్గు పడ్డ రోజు మస్తాన్ తాడు లాగాడు. రంపం ఊరు అదిరేలా మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇంక నీ పని నువ్వు చూసుకోప్పా" అని నా భుజం తట్టి, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

మర్నాడు రెండు చీనీ చెట్లు కోశాను. రంపం మోగినంతసేపూ బాగానే ఉంది. ఆపగానే కమ్ముకున్న నిశ్శబ్దం ఉంది చూశారూ, అది మునుపటి నిశ్శబ్దం కాదు. మునుపటిది అలవాటైన కుక్క. ఇది కరిచే కుక్క. సాయంత్రం అలవాటు కొద్దీ అందరికీ సరిపడా టీ పెట్టాను. ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? రంపం బాగుపడింది కదా. ఆ టీ అంతా నేనొక్కణ్ణే తాగి, వాకిట్లో కూర్చుని రంపం వైపు చూశాను. అప్పుడే నా బుర్రలో ఆ పురుగు తొలిచింది.

ప్లగ్గు మీది వైరు ఊడదీసి మస్తాన్‌కు ఫోను చేశాను. "మళ్లీ ఆగిపోయిందప్పా." వచ్చాడు, వైరు నొక్కాడు, బండి దిగకుండానే వెళ్లిపోయాడు. టీ నీళ్లు మరగనే లేదు.

రోగం ముదిరితే తప్ప వైద్యుడు నిలవడని అర్థమైంది. మస్తాన్ చుట్టాల పెళ్లికి వెళ్లిన సమయం చూసి, వాకిట్లో పడున్న పాత ప్లగ్గు ఏరి రంపానికి బిగించాను. కొత్తదాన్ని కారప్పొడి డబ్బాలో పాతిపెట్టాను. ఒంటి మగాడి ఇంట్లో అన్నిటికంటే భద్రమైన చోటు అదే.

"మస్తాన్ వచ్చేదాకా కాదులేప్పా" అంటూనే ఓబులేసన్న వచ్చాడు. యేసోబన్న వచ్చాడు. మరియమ్మక్క వచ్చింది. గ్లాసులు మళ్లీ మోగాయి. నా అంత తెలివైనవాడు జిల్లాలో లేడనుకున్నాను.

రెండు రోజుల తర్వాత ముంగారు గాలి, అదే తొలకరి గాలి లేచింది. వాన నాలుగు చినుకులే. గాలి మాత్రం రేకులు ఎత్తుకుపోయేలా వీచింది. అది తగ్గీ తగ్గకముందే యేసోబన్న చేలకు అడ్డంపడి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెనకే ఓబులేసన్న. పెళ్లి నుంచి అప్పుడే బస్సు దిగిన మస్తాన్ కబురు విని కొత్త చొక్కాతోనే బండి మీద వచ్చేశాడు.

"యాపమాను పడిందప్పా! ఇంటి వాకిలికి అడ్డం పడింది. మరియమ్మ లోపలుండాది, మేకపిల్లలుండాయి. గోడ ఇటు వాలతాండాది. మిషను తే!"

లోపలికి పోయి గుట్టుగా ప్లగ్గు తెద్దామనుకునేలోపే మస్తాన్ చావడి కింద రంపం మూత విప్పేశాడు.

"ఇదేంది? ఇది నేను పీకి పారేసిన ప్లగ్గు కదా! కొత్తది యాడబోయె?"

యేసోబన్న నా ముఖంలోకి చూస్తున్నాడు. ఆ చూపులో అనుమానం లేదు, భయమొక్కటే ఉంది. దొంగ పట్టుబడడానికి కూడా కాస్త వ్యవధి దొరుకుతుంది. నాకు అదీ దొరకలేదు. లోపలికి పరుగెత్తి, డబ్బా తెచ్చి, కారప్పొడిలో చెయ్యి పెట్టి, ఎర్రగా మెరిసిపోతున్న ప్లగ్గును బయటికి తీశాను.

"కారంలో యాల పెట్టినావన్నా?" అన్నాడు మస్తాన్.

"నువ్వు రావల్లని."

మస్తాన్ ప్లగ్గు మీది పొడి పోవడానికి గట్టిగా ఊదాడు. అది నేరుగా మా అందరి కళ్లలో పడింది. ఆ తర్వాత యేసోబన్న ఇంటికి పరుగెత్తిన దండును మీరు చూసి ఉండాల్సింది. నలుగురం తుమ్ముతూ, కళ్లు నలుపుకుంటూ, ఒకరి కాళ్లు ఒకరం తొక్కుకుంటూ. మస్తాన్ ఒంటికన్నుతో కోశాడు. మేం కొమ్మలు లాగాం. గోడ నిలిచింది. వాకిలి తెరుచుకుంది.

మరియమ్మక్క చంకలో ఒక మేకపిల్లతో బయటికి వచ్చింది. ఎర్రటి కళ్లతో, ముక్కులు కారుతూ నిలబడ్డ మా నలుగురినీ చూసి ఆమె గుండె కరిగిపోయింది.

"ఏమప్పా, నేను సచ్చినాననుకోని ఇంతమంది ఏడుస్తాండారా?"

"ఏడుపు కాదక్కా" అన్నాడు మస్తాన్. "కారం."

కథంతా అక్కడే, ఆ కొమ్మల మధ్యే బయటపడింది. ఓబులేసన్న తుమ్ముకీ తుమ్ముకీ మధ్య తిట్టాడు. యేసోబన్న నేల మీద కూర్చుండిపోయాడు. మరియమ్మక్క మేకపిల్లను కిందికి దించి నా వైపు తిరిగింది. నవ్వలేదు.

"మనుషులు కావల్లంటే పిలచల్ల గానీ మిషను చెరుపుకుంటారా నాయనా?" అంది. "పిలిస్తే రామా?"

అసలు పిలవచ్చని నాకు తోచనే లేదు.

ఊళ్లో నాకు 'కారం ప్లగ్గు' అని పేరు పడింది. నన్ను ఆటపట్టించడానికైనా కొన్నాళ్లు రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. తర్వాత వానలు పడ్డాయి, విత్తనాలు వేసే పని మొదలైంది, ఎవరి చేనికి వాళ్లు అంకితమయ్యారు. మళ్లీ పొద్దు వాలితే నేనూ చెట్లూ మిగిలాం. కాకపోతే ఈసారి ఉబుసుపోకపోతే చెప్పులేసుకుని నేనే ఊళ్లోకి నడవడం నేర్చుకున్నాను.

కథ ఇక్కడితో ముగిసేదే. కానీ ఆ శీతాకాలంలో ఓబులేసన్న భార్య కూతురి కాన్పుకని బెంగుళూరు వెళ్లి, అక్కడే కొన్ని నెలలు ఉండిపోయింది. ఒక సాయంత్రం ఆయన దగ్గర నుంచి ఫోను వచ్చింది.

"శేఖరా, మందు కొట్టే మిషను స్టార్టు కాలేదప్పా. నీకేమన్నా తెలుస్తాదేమో వచ్చి చూడు."

మిషన్ల గురించి నన్నడిగే మనిషి ఈ భూమ్మీద ఉన్నందుకు ఆశ్చర్యపోతూ వెళ్లాను. అరుగు మీద మిషను, పక్కన ఆయన. ఇల్లంతా చీకటి, వాకిట్లో ఒక్క బల్బు. వంగి చూశాను. పెట్రోలు ట్యాంకు కింద తిప్పే చిన్న బిరడా మూసేసి ఉంది. అది తెరవందే పెట్రోలు దిగదని ఆ మిషను మోసే ప్రతివాడికీ తెలుసు. ఓబులేసన్న దాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాడు.

తల ఎత్తాను. ఆయన నా వైపు చూడడం లేదు. దూరంగా ఎటో చూస్తున్నాడు.

"పెద్ద రోగమే పట్టుకుందన్నా" అన్నాను. "ఈ పొద్దుకు తేలేది కాదు. టీ పెట్టు."

ఆయన గబగబా లోపలికి పోయాడు. గిన్నె చప్పుడు, వెనకే ఆయన మాటలు మొదలయ్యాయి.

అందుచేత, నాయన పెంచిన చీనీ చెట్ల మొద్దుల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నేను ఏ యంత్రాన్నీ చేజేతులా చెడగొట్టను. ఇంకెవరైనా చెడగొట్టుకుంటే మాత్రం, ఆ రాత్రికి దాన్ని బాగుచేయను గాక చేయను.