‘అంట’ మాన్పించిన చదువు

కరోనా తర్వాత బడులు మళ్లీ గాడిన పడిన ఏడాది, జూన్ నెలలో, నన్ను అరకు దగ్గర ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలకు బదిలీ చేశారు. హోదా స్కూల్ అసిస్టెంట్, సబ్జెక్టు ఇంగ్లీషు. ఆశ్రమ పాఠశాలంటే బడీ హాస్టలూ ఒకే ఆవరణలో ఉంటాయి; పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని, అక్కడే చదువుకుంటారు. పార్వతీపురంలో సొంతిల్లు, రెండు మోకాళ్లలోనూ నొప్పి, రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లు. ఈ వయసులో నన్ను కొండెక్కించిన వాళ్లని నోరారా తిట్టుకుంటూ వెళ్లి చేరాను.

అప్పజెప్పిన పని పదో తరగతి పిల్లల్ని ఇంగ్లీషులో గట్టెక్కించడం. వంద మార్కుల పేపరు, ముప్పై అయిదు వస్తే పాసు. అందులో పిల్లలు ఎక్కువగా తడబడేది చదివి రాసే ప్రశ్నల దగ్గర. ఒక పద్యమో వ్యాసమో ఇస్తారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడిగితే వెతికి రాసేస్తారు. కవి మనసులో ఏముంది, రచయిత ఉద్దేశమేమిటి అంటే మాత్రం పెన్నులు ఆగిపోతాయి. పైకి చెప్పనిదాన్ని మాటల్నిబట్టి పట్టుకోవడాన్ని మా వాళ్లు ఇన్ఫరెన్స్ అంటారు. నా ఉద్యోగ జీవితంలో సగం ఆ ఒక్క ముక్క నేర్పడానికే సరిపోయింది.

ఆ బ్యాచ్‌లో సుభద్ర అనే పిల్ల ఉండేది. జీపు దారి అయిపోయాక ఇంకా పైకి నడిస్తే వచ్చే ఊరు వాళ్లది. తండ్రి కాఫీ, మిరియాలు, తిండికి కాస్త చోడి, అంటే రాగులు, పండించుకునే రైతు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కొన్ని ఒరియా మాటలు కలిసిన ఏజెన్సీ తెలుగు. పిల్లకి నర్సు కావాలని కోరిక. పది పాసైతే జూనియర్ కాలేజీకి పంపుతానని తండ్రి మాటిచ్చాడు. తెలివికి లోటు లేదు. ఇంగ్లీషు పాఠం తడుముకోకుండా చదివి అర్థం చెప్పేది. అయినా చదివి రాసే ప్రశ్నల్లో సున్నాలు. కారణం తెలిశాక నాకు నవ్వాలో ఏడవాలో తోచలేదు.

ప్రతి వాక్యం చివరా ‘ఇట్ సీమ్స్’ అని తగిలించేది. ఒకసారి నదిలో వెళ్లిపోతున్న పడవను చూస్తూ నిలబడ్డ మనిషి తనే చెబుతున్నట్టున్న చిన్న పద్యం ఇచ్చాను. నది ఒడ్డున నిలబడ్డాడంట, పడవ దూరమైపోతోందంట, అని తెలుగులో అనుకుని అలాగే ఇంగ్లీషులోకి దించింది. ఆ మనిషికి ఎలా అనిపించిందన్న ప్రశ్నకు, తెలియదు, ఆయన చెప్పలేదు, అని రాసి ఊరుకుంది.

పిలిచి కూర్చోబెట్టాను. పడవ వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడ్డవాడికి దిగులు కాక మరేముంటుందే అని కసిరాను.

“ఉండొచ్చు మేడమ్. ఆయన సెప్పలేదు కదా. అడక్కండా మనమెలాగ సెప్పేత్తాం?”

“ఒడ్డున నిలబడ్డానని చెప్పాడు కదా. దానికి అంట ఎందుకు?”

“సెప్పాడు. నేను సూళ్లేదు కదా మేడమ్.”

నాతో వాదిస్తోందనుకున్నాను. వాదన కాదు. వాళ్ల ఊరి పద్ధతి చెప్పింది. కళ్లతో చూసినవాళ్లే అంట లేకుండా మాట్లాడతారు. విన్నదానికి, చదివినదానికి అంట ఉండాల్సిందే. “సూడకండా అలాగ సెప్పేత్తే పెద్దలు నిలబెట్టి అడుగుతారు మేడమ్,” అంది. నేనూ పుట్టినప్పటినుంచీ ఆ మాట వాడుతున్నదాన్నే. దానికి అంత బరువుందని నాకెప్పుడూ తట్టలేదు.

మిగతా పిల్లలకి ఈ బాధ లేదు. ‘ద పోయెట్ ఈజ్ వెరీ శాడ్’ అని ఒక్క వాక్యం బట్టీపట్టి, పద్యం చదవకుండానే రాసి పారేసేవాళ్లు. చిరుధాన్యాల వంటకాల మీద వ్యాసం ఇస్తే అందులోనూ రచయిత మిక్కిలి దుఃఖంలో ఉన్నాడని రాసిన మహాతల్లులున్నారు. వాళ్లకి ఎక్కడో ఒకచోట మార్కు పడేది. స్టాఫ్ రూములో సుభద్రకి ‘ఇట్సీమ్స్’ అని పేరు పెట్టారు. నేనూ నవ్వాను.

నాకు తెలిసిన విద్య నేర్పాను. ఏ మాట చూసి నువ్వలా అనుకుంటున్నావో ఆ మాట కింద గీత గియ్యి. గీత గీశాక ఇక అనుమానం పెట్టుకోకు. ఉన్నది ఉన్నట్టు గట్టిగా రాయి. గీతలు బ్రహ్మాండంగా గీసేది. రాసేటప్పుడు మళ్లీ అంట వచ్చి కూర్చునేది.

మార్చి పరీక్షల్లో అన్ని సబ్జెక్టులూ పాసైంది. ఇంగ్లీషులో రెండు మార్కుల్లో పోయింది. ఆ పేపరు నా చేతికి రాదు. స్పాట్ వాల్యుయేషన్‌కు ఒక జిల్లా పేపర్లు ఇంకో జిల్లాకు పంపుతారు. అయినా దిద్దినవాళ్లు ఏం చేసి ఉంటారో నాకు తెలుసు, ఎందుకంటే ఏళ్ల తరబడి నేను చేసిందీ అదే. పొద్దున్నే జవాబుల కీ చేతికిస్తారు. సాయంత్రానికి కట్ట పూర్తి చెయ్యాలి. కీలో ఉన్న మాట కనబడితే మార్కు, లేకపోతే లేదు. ‘తెలియదు, ఆయన చెప్పలేదు’ అన్న జవాబు ఏ కీలోనూ ఉండదు.

అదే ఏడాది చదువు పోకుండా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అని ఇంకో అవకాశముంది. తప్పిన పిల్లల్ని వేసవిలో హాస్టల్లోనే ఉంచి చెప్పమన్నారు. ఈసారి మంచిగా చెప్పడం మానేశాను. ‘ఇట్ సీమ్స్’ కనబడిన ప్రతిసారీ పేజీ మొత్తం మళ్లీ రాయించాను. మాటల్లో కూడా ఊరుకోలేదు. “అన్నం అయిపోనాదంట మేడమ్,” అంటూ వస్తే, ‘అయిపోయింది’ అను అనేదాన్ని. మొదట్లో బిక్కమొహం పెట్టేది. తర్వాత్తర్వాత అలవాటైంది. పరీక్షకు ముందు రాయించిన పేపర్లో ఒక్క అంట లేదు. కవి దిగులుగా ఉన్నాడు, రచయిత అడవిని ప్రేమించాడు, ఈ పథకం రైతులకు మేలు చేసింది, అని తడబాటు లేకుండా రాసింది. ఇంగ్లీషులో మంచి మార్కులతో పాసైంది. నా కడుపున పుట్టినవాళ్లు పాసైనప్పుడు కూడా నేనంత సంబరపడలేదు. జూనియర్ కాలేజీలో బైపీసీ సీటు వచ్చింది. నేనే వెంట వెళ్లి చేర్పించాను.

అక్టోబరులో ఆ కాలేజీ ప్రిన్సిపాల్ నాకు ఫోన్ చేసింది. దసరా సెలవులకు వెళ్లిన సుభద్ర తిరిగి రాలేదని, ఇంటివాళ్లు పంపడం లేదని చెప్పింది. ఆదివారం జీపెక్కి, ఆ పైన మోకాళ్లు పట్టుకుంటూ కొండెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. అక్కడ విన్నదాన్ని విన్నదిగానే చెబుతాను.

పిల్ల కాలేజీలో చేరడానికి కొద్ది రోజుల ముందు పట్నం నుంచి ఎవరో సంస్థ వాళ్లు వచ్చారట. ఊరి పైన గడ్డి మైదానం ఉంది. అక్కడ గుడారాలు వేసి, పొద్దున్నే మబ్బులు చూడ్డానికొచ్చే టూరిస్టుల్ని దించుతామన్నారట. గ్రామసభ ఒప్పుకోవాలి. వాళ్లు తెచ్చిన రంగుల పుస్తకం ఇంగ్లీషులో ఉంది. తెచ్చినతను తెలుగులో చెప్పబోతే, మా గుంట సదువుతాది, నువ్వుండు, అని పెద్దలు ఆపారట. సుభద్ర లేచి ఒక్కో వాక్యం చదివి చెప్పిందట. కాఫీ తోటలకెళ్లే దారి మూయరు. ఊట నీళ్లు ఊరివే. పనులు ఊరివాళ్లకే ఇస్తారు. ఒక్క వాక్యానికీ అంట లేదట. అందుకని పెద్దలు ఇంకేమీ అడగలేదట. పిల్ల అన్నీ కనుక్కునే చెబుతోందనుకుని తీర్మానం మీద సంతకాలు, వేలిముద్రలు వేశారట.

ఆ మైదానం చుట్టూ వేసిన కంచె మాత్రం నేను చూశాను. కాఫీ తోటల దారికి అడ్డంగా ఇనుప గేటు, గేటు దగ్గర ఎవరో కొత్త మనిషి. ఊట దగ్గర్నుంచి గొట్టం నేరుగా గుడారాల్లోకి పోతోంది. ఊరి ఆడవాళ్లు బిందెలతో కొండ చుట్టూ తిరిగి వస్తున్నారు.

సుభద్ర తండ్రి నాకు పీట వేసి కూర్చోబెట్టాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే నాకే తేలికగా ఉండేది.

“పిల్లనేటనగలం మేడమ్. పుస్తకంలో ఉన్నదే సదివింది. ఊరోళ్లూ తిట్టలేదు. తిడితే బాగున్ను. ఇప్పుడు దాన్నెవరూ ఏటీ అడగరు. అది సెప్పినా ఇనరు.”

కాలేజీకి పంపమని బతిమాలాను. నర్సయితే ఊరికే మేలు కదా అన్నాను. “పదికే ఇలాగ సెప్పింది మేడమ్. ఇంకా సదివిత్తే ఇంకెలాగ సెప్తాదో,” అన్నాడాయన.

సుభద్ర గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఏమ్మా, ఇలా ఎందుకైంది, అన్నాను. అనకూడని మాట. “పుస్తకంలో అలాగే ఉంది మేడమ్. ఏ మాటలు సూసి సెప్పేనో గీత గీసేను, సూపించమంటే సూపిత్తాను,” అంది. పుస్తకం తేవడానికి లోపలికి వెళ్లబోతే వద్దని ఆపాను. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ పిల్ల ఏడవలేదు.

కిందికొచ్చాక పై అధికారులకు అర్జీ రాశాను. గ్రామసభ తీర్మానం నిబంధనల ప్రకారమే ఉందని, రంగుల పుస్తకంలోని మాటలు తీర్మానంలో లేవని జవాబొచ్చింది. తండ్రి దగ్గరకు ఇంకో రెండుసార్లు వెళ్లాను. రెండోసారి పీట వేసి తన పనికి తను వెళ్లిపోయాడు. హాజరు లేదని కాలేజీలో పేరు తీసేశారు. మరుసటి వేసవిలో నేను రిటైరయ్యాను. ఇప్పటికీ ఎవరైనా మీ స్టూడెంట్లు ఏమయ్యారని అడిగితే నాకు ముందు ఆ పిల్లే గుర్తొస్తుంది.

నాకు తెలిసినదొక్కటే. ఇంగ్లీషు వ్యాసం ఇచ్చి మేము పిల్లల్ని అడిగేవి కొన్నే ప్రశ్నలు: రచయిత ఏం చెప్పాడు, ఎందుకు చెప్పాడు, ఏ మాటకు ఏ అర్థం. ఈ సంగతి అతనికెలా తెలుసు, అది నిజమేనా, అని నేను ఏ పేపర్లోనూ అడగలేదు, ఎవరైనా అడగ్గా చూడలేదు. సుభద్ర ఆ ప్రశ్న ఇంట్లోనే నేర్చుకుని మా బడికి వచ్చింది. పాసవ్వాలంటే దాన్ని మానెయ్యాలి. మానేసింది, పాసైంది. ఇంగ్లీషు టీచరుగా నా పని నేను సక్రమంగానే చేశాను.