దేవుడి బొమ్మ కింద అతుకు

గాలి పడవను చూసుకోవడమంటే పసిపిల్లను చూసుకోవడమేనని మా బావ నలుగురిలో అంటుంటాడు. ఆ పసిపిల్లకు ఒక్కనాడైనా నీళ్లు పోసిన పాపాన పోలేదు ఆయన.

మా అక్కను హసన్‌పర్తిలో ఇచ్చారు. బావ అక్కడే ఒక కాలేజీలో లెక్కలు చెబుతాడు. నాకు హనుమకొండలో చిన్న దుకాణం. పైపులు, నల్లాలు, మోటారు సామాన్లు, వాటిని అతికించే గమ్ములు అమ్ముతాను. ఏ గమ్ము దేనికి పడుతుందో అడగడానికి నా దగ్గరికే వస్తారు. ఆ ఒక్క విషయంలో నాకు కొంచెం పొగరు ఉండేది, దాచుకోవడమెందుకు.

బావకూ నాకూ గాలం పిచ్చి. చెరువు గట్టు మీద కూర్చుని కూర్చుని విసుగొచ్చి ఒక వేసవిలో ఇద్దరం కలిసి, రెండు వైపులా ట్యూబుల్లో గాలి కొట్టే ప్లాస్టిక్ పడవ తెప్పించుకున్నాం. చెరువు వాళ్లింటికి దగ్గర కాబట్టి వాళ్ల మెట్ల కిందే పెట్టాం. చెరువులో చేపల మీద హక్కున్న జాలర్ల పెద్దమనిషిని అడిగితే, గాలం వేసుకుంటే వేసుకోండి, వల తెస్తే మాత్రం ఒప్పుకోం అన్నాడు. వాళ్లంతా థర్మకోల్ తెప్పల మీద తిరిగేవాళ్లు. మా పడవను చూసి నవ్వేవాళ్లు, మళ్లీ దగ్గరికొచ్చి చేత్తో నొక్కి చూసేవాళ్లు.

వచ్చినప్పుడు అది పడవ కాదు, పరుపు. అడుగు మెత్తగా ఉండి, నిలబడితే కాలు దిగబడేది. ప్లైవుడ్ కోయించి, అంచులు గరుకు కాగితంతో గుండ్రంగా రుద్ది, సైకిల్ ట్యూబు చీల్చి అంచుల చుట్టూ తొడిగి కింద పరిచాను. గాలాలు నిలబెట్టడానికి పైపు ముక్కలు రెండు ఎడమ వైపు అంటించాను. అంటించే ముందు అక్కడ తుడిచి, రుద్ది, మళ్లీ తుడిచి, ఆ ప్లాస్టిక్‌కు పట్టే గమ్మే రాసి, బరువు పెట్టి తెల్లారేదాకా కదిలించలేదు. చేపలు పట్టి వచ్చాక బురద కడగడం, నీడలో ఆరబెట్టడం, మడతల్లో పౌడరు చల్లడం, ఎలుకలు రాకుండా నాఫ్తలీన్ గోళీలు వేయడం, అన్నీ నేనే. మళ్లీ వెళ్లే ముందు గాలి కొట్టి, బ్రష్షుతో సర్ఫు నీళ్లు రాసి, ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని చూసుకునేవాణ్ని. ఆ నీళ్లు నా చొక్కా మీద ఆరకముందే బావ పడవలో కూర్చుని ఫోటో దిగేవాడు. ఫోటోల్లో నేను ఉండేవాణ్ని కాదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

అయినా నాకు బావంటే ఇష్టముండేది. పొద్దున్నే నీళ్ల మీద ఇద్దరం మాటల్లేకుండా కూర్చుంటే మంచి మనిషే అనిపించేది. మాట మొదలుపెడితేనే కష్టం. ఆయనకు ఒక కథ దొరికితే చాలు, ఏళ్ల తరబడి అరగదీస్తాడు. ఒకప్పుడు అక్క స్కూటీ నేర్చుకుంటూ గేటుకు గుద్దింది. ఆ ముచ్చట ఆయన ప్రతి దావత్‌లోనూ చెబుతాడు, హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు పెట్టి, అక్క అరిచినట్టు అరిచి మరీ. జనం పొట్ట పట్టుకుని నవ్వుతుంటే అక్క వాళ్లకే కూర వడ్డిస్తూ ఉంటుంది. ఆమె మళ్లీ స్కూటీ ముట్టలేదు.

ఆ దసరాకు నేను నా దుకాణంలో పూజ చేసుకుంటున్నాను. బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్ది, మీ అక్క పడవకు గూడ పూజ చేస్తాంది. నిమ్మకాయలు ఏ టైరు కింద పెట్టాలె?"

నేనూ నవ్వాను. బండి ఏదైనా దసరా నాడు బొట్టు పెట్టాల్సిందే కదా అనుకున్నాను.

కార్తీకం నెలంతా అక్క ఇంట్లో నీసు వండరు. అది పోయాక పడవ బయటికి తీశాం. కుడివైపు ట్యూబు మీద అరచేతంత దేవుడి స్టిక్కరు ఉంది. పసుపు, కుంకుమ కూడా ఉన్నాయి. నేను బ్రష్షు పట్టుకుని అక్కడిదాకా వచ్చేసరికి బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"దేవుని బొమ్మ మీద సర్ఫు నీళ్లు కొడ్తవా? కండ్లు పోతయ్. అక్కడ ఒదిలెయ్."

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. మా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లింది. నేను మిగతా పడవంతా చూసి, ఆ ఒక్కచోట మాత్రం వదిలేశాను. దేవుడి మీద అనుమానం ఎందుకు?

మర్నాడు చెరువు మధ్యకు వెళ్లాం. పొద్దుటి చలి తగ్గి ఎండ ఎక్కుతోంది. ఎండకు లోపలి గాలి ఉబ్బుతుంది కాబట్టి నేను ఎప్పుడూ కొంచెం మెత్తగానే కొడతాను. ఆ రోజు కూడా అంతే కొట్టాను. బావ కుడివైపు కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆయన పక్కనే బుస్సుమని చప్పుడైంది. ఇద్దరం పామేమో అనుకున్నాం. చూస్తుండగానే ఆ వైపు ట్యూబు ముడుచుకుపోయి, బావ నడుందాకా నీళ్లలోకి జారాడు. ఆయనకు ఈత రాదు.

"బామ్మర్ది, ఒదలకు. నన్ను ఒదలకు," అన్నాడు.

వదల్లేదు. ఎడమ వైపు ట్యూబుకు గాలి వేరే ఉంటుంది, అది నిలబడింది. బావను అటు లాక్కుని, ఒక చేత్తో ఆయన చొక్కా, ఇంకో చేత్తో తెడ్డు పట్టుకున్నాను. తెప్ప మీదున్న ఒకాయన చూసి తాడు విసిరాడు. గట్టుకు చేరేసరికి బావకు ఫోన్ లేదు, ఒక కాలి చెప్పు లేదు.   ఆయనకు ఏదైనా అయ్యుంటే అక్కకు ఏం మొహం చూపించేవాణ్నని అప్పుడు భయమేసింది.

జనం పోగయ్యారు. తాడు విసిరినాయన అడిగాడు, "ఏమైంది సార్?"

బావ ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. దగ్గు మధ్యలోనే చెప్పాడు. "మా బామ్మర్ది చేతి పని. పైపులు అంటియ్యకురా, తట్టుకోదురా అంటే ఇన్నడా? గమ్ముల దుకానుంది గదా, అన్నీ ఎరికె అనుకుంటడు."

నేను అంటించిన పైపులు ఎడమ వైపు ఉన్నాయి. ఒకదాంట్లో బావ గాలం అలాగే నిటారుగా నిలబడి ఉంది. ఎవరూ అటు చూడలేదు. అందరూ నా వైపు చూశారు. ప్రాణభయంలో ఏదో అన్నాడులే అని ఊరుకున్నాను.

అక్క వాళ్ల వాకిట్లో నేను పడవ కడుగుతుంటే స్టిక్కరు సగం ఊడి వేలాడుతోంది. పూర్తిగా లాగాను. కింద సైకిల్ ట్యూబు ముక్కతో వేసిన పంచరు అతుకు ఉంది. దాని అంచు లేచిపోయింది. అతుకు కింద పెసరగింజంత బొక్క, చుట్టూ కరిగి గట్టిపడ్డ నల్లటి అంచు. రబ్బరుకు వేసే సొల్యూషను ఈ ప్లాస్టిక్ మీద పట్టినట్టే పట్టి, కాస్త ఎండ తగలగానే వదిలేస్తుంది. ఆ మాట నేను దుకాణంలో వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాను.

అక్క వచ్చి నా పక్కన కూర్చుంది.

"తమ్మి, దసరా నాడు తమలపాకు మీద కర్పూరం పెట్టి పడవ మీదనే ముట్టిచ్చిన. బండ్లకు గట్లనే చేస్తం గద. ఆకు ముడుసుకపొయ్యి కర్పూరం జారింది. నీకు చెప్దామన్న. నీ ముందర చిన్నగైతమని మీ బావనే వద్దన్నడు. పంచర్ ఏపిచ్చుకొచ్చి మీద బొమ్మ అంటిచ్చిండు."

ఆయనకు అన్నీ తెలుసు. తెలిసీ నా చెయ్యి పట్టుకుని దేవుణ్ని అడ్డం పెట్టాడు. తెలిసీ గట్టు మీద నా పేరు చెప్పాడు. ఒళ్లు మండిపోయింది. ఆ అతుకు ముక్క పీకి పట్టుకుని లోపలికి వెళ్లి ఆయన మొహం ముందు పెడదామని లేచాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు బయటపెడితే నా మీదికే తోస్తడు తమ్మి. స్కూటీ ముచ్చటనే ఇంకా ఒడువలే. ఇగ నేను సచ్చేదాక, మొగన్ని చెరువుల ముంచబొయ్యిందని చెప్పుకుంట తిరుగుతడు. నీకేం, మగోనివి. నాలుగు రోజులు నవ్వి మరిచిపోతరు."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. అక్క బతుకు చించడానికి నాకు చేతులు రాలేదు. ముక్కను జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

నాలుగు రోజులు కాదు. ఎవరూ మరిచిపోలేదు. బావకు స్కూటీ కంటే మంచి కథ దొరికింది. చెప్పేకొద్దీ చెరువు లోతు పెరిగింది, నేను ఏడ్చానని చేరింది, చివరికి ఆయనే నన్ను ఒడ్డుకు లాగినట్టయింది. నా దుకాణానికి ఏళ్లుగా వచ్చే మోటారు మెకానిక్ ఒకాయన గమ్ము డబ్బా చేతిలో అటూ ఇటూ తిప్పి, "అన్నా, ఇది పడవకు ఏసిన గమ్మేనా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. డబ్బా మాత్రం కౌంటరు మీద పెట్టి వెళ్లిపోయాడు.  నాకు సిగ్గేసింది. చేయని తప్పుకు సిగ్గుపడడం ఎంత చేదుగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

అయినా ఓర్చుకున్నాను. అక్క కోసమే కదా అనుకుంటే ఆ చేదు కొంచెం తగ్గేది. అక్కకు తెలుసు, అది చాలు అనుకున్నాను.

ఈ మధ్య బావ తమ్ముడి కొడుకు పుట్టువెంట్రుకల దావత్ అయింది. భోజనాల దగ్గర బావ కథ ఎత్తుకున్నాడు. తెడ్డు వేసినట్టు చేతులు ఊపుతూ, నేను ఏడ్చినట్టు ముక్కు చీదుతూ చెప్పాడు. పందిరంతా నవ్వింది. బావకు మేనమామ అయ్యే పెద్దాయన నన్ను ఒకసారి చూసి, చేపల గిన్నె పట్టుకుని తిరుగుతున్న అక్కను అడిగాడు.

"నిజమేనా బిడ్డా? నీ తమ్ముడు అంత పని చేసిండా?"

ఊరికే నవ్వి ముందుకు వెళ్లిపోతే సరిపోయేది. పని ఉందని లోపలికి వెళ్లినా సరిపోయేది. నేను అంతకంటే ఎక్కువ ఆశించలేదు.

"అవు మామా," అంది అక్క. "మా తమ్మికి చెప్తె ఇనడు. ఆ గమ్ములు వానికి ఎరికె లేకనే అంటిచ్చిండు. జరంతైతే మా ఆయన పానమే పోతుండె."

మళ్లీ నవ్వులు. వాటిలో అక్క నవ్వు కూడా వినిపించింది. ఎన్నాళ్ల తర్వాతో ఒక దావత్‌లో ఆమె అందరితో కలిసి నవ్వుతోంది. ఆ వరసలోనే నా దగ్గరికి వచ్చి, గిన్నెలో వెతికి, నా ప్లేటులో రవ్వ చేప తలకాయ వేసింది. చిన్నప్పటి నుంచి నాకు ఇష్టమని ఆమెకు తెలుసు.

"తిను తమ్మి," అంది, నా మొహం చూడకుండా.

ముట్టకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాను.