కాఫీ షాపులో నా పని, వాళ్ళ పెళ్ళిచూపులు

కరెంటు కోతల వేసవిలో, నా టైపింగు పనికి బ్రాడీపేటలో కొత్తగా తెరిచిన కాఫీ షాపుకి వెళ్ళేదాన్ని. అక్కడ జనరేటరు ఉండేది, నిశ్శబ్దంగానూ ఉండేది. అందుకే కొందరు పెళ్ళిచూపులూ అక్కడే పెట్టుకునేవారు.

ఒకరోజు పన్నెండింటిలోపు ఫైలు పంపకపోతే నా పని పోయేలా ఉంది. ఇంతలో ఒక పెద్దావిడ కొడుకుతో వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ముందే వచ్చేశావేంటమ్మా? మీవాళ్ళేరీ?"

పెళ్ళికూతుర్ని నేను కాదని చెప్పే తీరిక కూడా లేదు. తలవంచుకుని లాప్‌టాప్‌లో టైపు చేస్తూనే ఉన్నాను.

"వంటొచ్చా?"

తలూపాను.

"చూశావుట్రా, మనమొచ్చినా పని ఆపలేదు," అందావిడ కొడుకుతో, మెచ్చుకోలుగా.

ఫైలు పంపి తలెత్తేసరికి, అసలు అమ్మాయి తల్లిదండ్రులతో వచ్చి నిలబడి ఉంది. గబుక్కున లేచి నా కుర్చీ ఇచ్చేశాను. పెద్దావిడ ఆమెను ఎగాదిగా చూసి, "మీ అమ్మాయికి టైపింగొచ్చాండీ?" అని వాళ్ళమ్మను అడిగింది.