వద్దని చెప్పి వచ్చే పని

మా ప్రచురణ సంస్థలో నాకు దక్కిన పని, రాసినవాళ్ల ఇంటికి పోయి మీ పుస్తకం వేయలేమని చెప్పి రావడం. సంస్థ అంటే పెద్ద మాటే. బాన్సువాడ బస్టాండు వెనక ఎరువుల దుకాణం పైన ఒక కిరాయి గది, రెండు బల్లలు, బడి అయిపోయాక వచ్చి కూర్చునే మేం నలుగురు టీచర్లం. ఎవరికీ జీతం లేదు. అచ్చు పని నిజామాబాద్‌లో చేయించేవాళ్లం. ఏడాదికి ఒకటో రెండో పుస్తకాలు వచ్చేవి. వేయమని ఇచ్చిపోయే కాగితాల కట్టలు మాత్రం బీరువాలో పట్టేవి కావు.

దీన్ని మొదలుపెట్టిన రిటైర్డ్ హెడ్మాస్టరును అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. వద్దనుకున్న రాతప్రతిని పోస్టులో తిప్పి పంపకూడదు. మనిషి చేతికి మనిషే ఇవ్వాలి, కూర్చుని ఎందుకు వద్దో చెప్పాలి. వినడానికి బాగానే ఉంటుంది గానీ చేసేవాళ్లకు తెలుస్తుంది దాని సంగతి. చిన్న ఊళ్లో రాసే మనిషి మనకు పాలు పోసేవాడో, మన పిల్లలకు పాఠం చెప్పినవాడో అయి ఉంటాడు. మిగతా ముగ్గురికీ మొహమాటం. నాకు నోటి దురుసు ఉందని అందరూ ఒప్పుకున్నదే కాబట్టి ఆ పని నా మెడకు చుట్టారు. ఆదివారాలన్నీ అట్లా పోయాయి. ఎక్కడికి పోయినా ముందు చాయ్ ఇస్తారు, కొందరు అన్నం పెడతారు. వాళ్ల అన్నం తిని వాళ్ల పుస్తకం వద్దని చెప్పి బస్సెక్కితే, ఇంటికి చేరేసరికి నాలో ఏమీ మిగిలేది కాదు.

తొంభైల నడుమ ఒక చెరుకు రైతు నవల తెచ్చిచ్చాడు. అరవై దాటిన మనిషి, ఊరు నస్రుల్లాబాద్ దగ్గర. నవల ఇద్దరు అన్నదమ్ములు భూమి పంచుకోవడం గురించి. కాలువ పక్కనున్న మంచి పొలం నువ్వు తీసుకో అంటాడు అన్న. కాదు, నువ్వే తీసుకో అంటాడు తమ్ముడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఇదే మర్యాద. చదివేసరికి నాకు ప్రాణం విసిగింది.

తిరిగి ఇవ్వడానికి పోయాను. బస్సు దిగి కాలువ గట్టు మీద ఎండలో చాలాదూరం నడిస్తే ఇల్లు. వాకిట్లో సగానికి అడ్డంగా ఒక గోడ. చాయ్ తాగాక నేను చెప్పాల్సింది చెప్పాను. ఆయన విని, ఆ గోడ చూపించాడు. దాని అవతల సొంత తమ్ముడు ఉంటాడట. భూమి పాలు పంచుకున్నప్పటి నుంచి మాటల్లేవట.

"మావోడు ఎవరి మాట ఇనడు టీచరమ్మా. అచ్చుల ఉన్నదంటే మాత్రం నమ్ముతడు. మనం మంచిగుండేటోళ్లమని బుక్కుల సదివిండనుకో, ఒక్కపారన్న పలుకుతడేమో అని గీ తిప్పలు."

జాలి పడాల్సిన చోటే. పడ్డాను కూడా. కానీ నెత్తి నొస్తోంది, ఎండలో మళ్లీ అంత దూరం నడవాలి, పైగా నవల బాగాలేదు. "అన్నదమ్ములు పాలు పంచుకుంటుంటే ఒక్కనికన్న కోపం రాలేదంటే ఎవరు నమ్ముతరు కాకా? ముందు మీ తమ్ముడే నమ్మడు" అన్నాను. ఆయన, అయితే కోపం పెడతానన్నాడు. కూరలో ఉప్పు తక్కువైందంటే వేస్తానన్నట్టు అన్నాడు.

వేశాడు కూడా. చెరుకు ఫ్యాక్టరీకి పోయాక ఎండాకాలం ఆయనకు తీరిక. ఏటా అప్పుడు మొత్తం మళ్లీ రాసి, వానలు పడకముందే మా గదికి తెచ్చిచ్చేవాడు. ఒకసారి తమ్ముడికి కోపం వచ్చింది గానీ ఎందుకు వచ్చిందో లేదు. మరోసారి ఎవరో పాలివాడు, అంటే దాయాది, చెప్పుడు మాటలు చెప్పి ఇద్దరినీ విడదీశాడు. నేను మళ్లీ కాలువ గట్టు పట్టుకుని పోయేదాన్ని, తప్పంతా మూడోవాడి మీదకు తోస్తే ఎట్లా కాకా అని చెప్పి వచ్చేదాన్ని. కొన్నేళ్లకు టీచరమ్మా అనడం మానేసి బిడ్డా అనడం మొదలుపెట్టాడు. అదొక బరువు.

ఈలోగా పెద్దసారుకు చూపు తగ్గింది. నలుగురిలో ఇద్దరు రావడం మానేశారు. నిజామాబాద్‌లో కంప్యూటర్లు వచ్చి అచ్చు సులువైంది గానీ, వేసిన పుస్తకాలు కొనేవాళ్లు లేక గదిలో కాలు పెట్టే సందు లేదు. ప్రతి ఏడూ మానేద్దామనుకునేదాన్ని. మానేస్తున్నానని చెప్పడానికి కూడా ఓపిక లేక కొనసాగాను.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏడు వానలకు ముందు ఆ నవల మళ్లీ చేతికి వచ్చింది. విసుగ్గానే తెరిచాను, ముగించేదాకా లేవలేదు. ఈసారి తమ్ముడు పెళ్లికని ఊరెళ్లిన రోజు అన్న కాలువ పక్క పొలంలో హద్దురాయి జరుపుతాడు. తమ్ముడు తిరిగొచ్చి రాయి చూస్తాడు. ఒక్క మాట అనడు. ఆ రోజు నుంచి ఇంకే మాటా అనడు. చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. పెద్దసారుకు పైకి చదివి వినిపించాను. వేద్దాం, అప్పు చేసైనా వేద్దాం అన్నాడాయన.

జీవితంలో మొదటిసారి అవునని చెప్పడానికి ఆ గట్టు మీద నడిచాను. ఆయన విని సంబరపడలేదు. కట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నిజం రాస్తేనే బాగుంటదని నువ్వే అంటివి, రాసిన. గిప్పుడు గిది అచ్చయితే ఊరంత సదువుతది బిడ్డా. నా ముఖమేడ పెట్టుకోవాలె? వాడొక్కడు సదివితే సాలు నాకు."

వద్దన్నాడు. ఇన్నేళ్లు నేను వద్దన్నాను, ఇప్పుడు ఆయన. కోపం కూడా రాలేదు, చతికిలబడ్డాను. మేం వేసిన వాటిలో అంత మంచి పుస్తకం ఒక్కటీ లేదు. ఆయన కట్ట నా చేతికిచ్చి, గోడ వైపు చూపించాడు. నువ్వు చేతికి ఇచ్చే మనిషివే కదా, ఇది కూడా ఇచ్చి రమ్మన్నాడు. కాదనే ఓపిక లేక లేచాను.

గోడ చుట్టూ తిరిగి అవతలి గుమ్మంలోకి పోయాను. తమ్ముడు మంచం మీద పేపరు చదువుతున్నాడు. అచ్చం అన్న ముఖమే, కొంచెం ఎండినట్టుంది. ఎవరు పంపారో చెప్పాను. ఆయన కట్ట ముట్టుకోలేదు, ఏం రాశాడని అడిగాడు. రాయి జరిపింది అన్నేనని రాశాడని చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నాకెర్కలేదా గది? వాడు చెప్తడని సూస్తున్న ఇన్నేండ్లు. తీస్కపో అక్కా. వాన్నే తెచ్చియ్యమను."

మళ్లీ గోడ చుట్టూ తిరిగి వచ్చాను. వాపసు ఇవ్వడం నాకు కొత్త కాదు గదా, కట్ట ఆయన ఒళ్లో పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ముసలాయన లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. కట్ట రొమ్ముకు ఆనించుకుని గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"నువ్వు గూడ రా బిడ్డా."

"నేను రాను కాకా" అన్నాను.

చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన ఒక్కడే పోయాడు.